దండుబాట పలకలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

గత సంచికలో న్యూజెర్సీ పాఠకుడొకరు పంపిన ఫొటోను ఈ శీర్షికలో ప్రచురించాము. రోడ్డు పక్కన ఇనుప కంబానికి బిగించిన ఒక పలక, దానిపై వాషింగ్టన్, రోషాంబో అనే రెండు పేర్లు, 1781 అనే సంవత్సరం, ఆ దారిన సైన్యం వెళ్ళిందని చెప్పే రెండు వాక్యాలు, అంతే ఆ ఫొటోలో ఉన్నవి. దాని గురించి అమెరికాలోని పాఠకుల నుంచే కాక గుంటూరు, పలమనేరు, ఖమ్మం వంటి ఊళ్ళ నుంచి కూడా ఉత్తరాలు రావడంతో ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ విషయానికే కేటాయించాము. సైన్యాలు నడిచే పెద్ద దారిని మన పెద్దలు దండుబాట అనేవారు. ఆ మాట ఈ సందర్భానికి బాగా అతుకుతుంది కనుక ఇక్కడ అదే వాడుతున్నాము.

ప్రశ్న: నేను ఆఫీసుకు వెళ్ళే దారిలో ఇలాంటి బోర్డులు మూడు ఉన్నాయి. నాలుగేళ్ళుగా చూస్తూనే ఉన్నాను గానీ ఒక్కసారి కూడా కారు ఆపి చదవలేదు. ఇది ఏ సైన్యం, ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్ళింది? ఒకసారి నడిచిపోయిన సైన్యానికి ఇన్ని బోర్డులు ఎందుకు?
— ఒక పాఠకుడు, సోమర్సెట్, న్యూజెర్సీ

జవాబు: ఆ దారిన నడిచినవి రెండు సైన్యాలు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధంలో సాయంగా ఫ్రాన్సు రాజు పదహారవ లూయీ పంపిన సుమారు 5,500 మంది సైనికులు రోషాంబో అనే అనుభవజ్ఞుడైన సేనాని వెంట 1780 జూలైలో రోడ్ ఐలండ్‌లోని న్యూపోర్ట్ రేవులో దిగారు. దాదాపు ఏడాది పాటు ఆ ప్రాంతం దాటకుండా ఉండి, 1781 జూన్‌లో ప్రావిడెన్స్ నుంచి బయలుదేరి, కనెక్టికట్ రాష్ట్రాన్ని ఈ చివర నుంచి ఆ చివరకు దాటి, జూలైలో న్యూయార్క్ నగరానికి ఉత్తరాన మకాం వేసి ఉన్న వాషింగ్టన్ సైన్యాన్ని కలుసుకున్నారు. వాషింగ్టన్‌కు ఇంగ్లీషువారి నుంచి న్యూయార్క్‌ను పట్టుకోవాలని కోరిక. రోషాంబోకు అది అయ్యే పని కాదని అనుమానం. ఒకరి భాష ఒకరికి రాని ఈ ఇద్దరి మధ్య వాదాన్ని చివరికి సముద్రం మీది నుంచి వచ్చిన ఉత్తరం తేల్చింది. ద గ్రాస్ నడిపే ఫ్రెంచి నౌకాదళం న్యూయార్క్‌కు రావడం లేదనీ, దక్షిణాన చెసాపీక్ అఖాతానికి వెళుతోందనీ, అక్కడ కూడా అక్టోబరు మధ్య వరకే ఉంటుందనీ ఆగస్టు 14న కబురు అందింది. వర్జీనియాలోని యార్క్‌టౌన్‌లో కారన్‌వాలిస్ తన ఇంగ్లీషు సైన్యంతో అప్పుడే కోటగోడలు కట్టుకుంటున్నాడు. చేతిలో ఉన్నది రెండు నెలలు, నడవవలసింది కొన్ని వందల మైళ్ళు.

నాలుగు వేల పైచిలుకు ఫ్రెంచివారు, దాదాపు 2,500 మంది అమెరికన్లు హడ్సన్ నదిని కింగ్స్ ఫెర్రీ దగ్గర దాటి న్యూజెర్సీలోకి వచ్చారు. అసలు కష్టం అక్కడ మొదలైంది, ఎందుకంటే న్యూయార్క్‌లో కూర్చున్న ఇంగ్లీషు సేనాని క్లింటన్‌కు ఈ కదలిక కనిపించకుండా దాచడం అసాధ్యం. దాచలేనిదాన్ని మరొకటిగా చూపించడమే మార్గమయింది. చాథమ్ ఊళ్ళో ఫ్రెంచివారు పెద్ద పెద్ద రొట్టె బట్టీలు కట్టారు. వేల మందికి రొట్టె కాల్చే బట్టీలు కడుతున్నారంటే సైన్యం అక్కడే ఉండి స్టాటెన్ ఐలండ్ మీద పడుతుందని ఎవరైనా అనుకుంటారు. క్లింటన్ కూడా అలాగే అనుకున్నాడు. బండ్ల మీద ఎక్కించి వెంట తెచ్చుకున్న పడవలు ఆ అనుమానాన్ని ఇంకా బలపరిచాయి. నడిచే సైనికులకే తాము ఎక్కడికి వెళుతున్నామో తెలియదు. ఫ్రెంచివారు పాంప్టన్, విప్పనీ, లిబర్టీ కార్నర్, మిల్‌స్టోన్, ప్రిన్స్‌టన్, ట్రెంటన్‌లలో ఒక్కొక్క మకాం వేస్తూ డెలవేర్ నదిని దాటేసరికి క్లింటన్‌కు విషయం అర్థమైంది గానీ అప్పటికే ఆలస్యం అయిపోయింది.

అక్కడి నుంచి దారి ఫిలడెల్ఫియా, చెస్టర్, విల్మింగ్టన్ మీదుగా హెడ్ ఆఫ్ ఎల్క్ అనే రేవు ఊరికి, ఆపైన బాల్టిమోర్, అనాపొలిస్ మీదుగా కొంత నేల మీద, కొంత నీటి మీద విలియమ్స్‌బర్గ్‌కు వెళుతుంది. సెప్టెంబరు 28న యార్క్‌టౌన్ ముట్టడి మొదలైంది. అక్టోబరు 19న కారన్‌వాలిస్ సైన్యం లొంగిపోయింది. దారిలో చెస్టర్ దగ్గర జరిగిన ఒక ముచ్చట చెప్పకుండా ముందుకు పోలేము. సెప్టెంబరు 5న రోషాంబో డెలవేర్ నదిలో పడవ మీద వస్తూ ఒడ్డు వైపు చూస్తే, ఒక పొడవాటి మనిషి ఒక చేతిలో టోపీ, మరొక చేతిలో చేతిరుమాలు పట్టుకుని గాలిలో ఊపుతూ కనిపించాడు. దగ్గరికి వచ్చేసరికి ఆ మనిషి వాషింగ్టన్. ద గ్రాస్ నౌకలు చెసాపీక్ చేరాయనే వార్త అప్పుడే అందింది. ఎప్పుడూ గంభీరంగా ఉంటాడని పేరున్న మనిషి పడవ దిగిన రోషాంబోను అమాంతం కౌగిలించుకున్నాడు.

ఇక ఇన్ని పలకలు ఎందుకన్నది. ఈ సైన్యం రోజుకు 12 నుంచి 15 మైళ్ళు నడిచేది, ప్రతి నడక చివర ఒక మకాం ఉండేది. మకాంకు ఒక పలక వేసినా చాలా అవుతాయి. పైగా ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం తన సొంత పలకలు వేసుకుంది: న్యూయార్క్‌వి నీలం మీద పసుపు అక్షరాలు, పెన్సిల్వేనియావి నీలం మీద బంగారు రంగు అక్షరాలు, మేరీలాండ్‌వి తెలుపు మీద నలుపు. 2009 మార్చి 30న అమెరికా ప్రభుత్వం మొత్తం మార్గాన్ని జాతీయ చారిత్రక మార్గంగా ప్రకటించింది. 9 రాష్ట్రాలు, వాషింగ్టన్ నగరం, 680 మైళ్ళకు పైగా. దానితో పాత పలకల పక్కన మరొక వరుస చేరింది.

ప్రశ్న: రెండు వందల నలభై ఏళ్ళ కింద సైన్యం ఏ రోడ్డు మీద నడిచిందో, ఏ పొలంలో పడుకుందో ఇంత కచ్చితంగా ఎలా చెబుతున్నారు? ఊరివాళ్ళు చెప్పుకునే కథలను బట్టి వేసిన బోర్డులేనా ఇవి?
— ఒక పాఠకురాలు, హైదరాబాదు

జవాబు: కథలను బట్టి వేసినవి కొన్ని ఉన్నాయి, వాటి సంగతి తరువాతి జవాబులో వస్తుంది. కానీ ఈ మార్గానికి దొరికినంత మంచి లిఖిత ఆధారం ఆ కాలపు సైన్యాలలో చాలా కొద్దివాటికే ఉంది. అందుకు కారణమైనవాడు అప్పటికి 27 ఏళ్ళ ఫ్రెంచి అధికారి, లూయీ అలెగ్జాండర్ బెర్తియే. తరువాతి కాలంలో నెపోలియన్ దగ్గర మార్షల్‌గా, అతని సైన్య వ్యవహారాలన్నిటినీ కాగితం మీద నడిపిన ముఖ్య అధికారిగా ఐరోపా అంతా పేరు తెచ్చుకున్నది ఇతడే. రోషాంబో సైన్యంలో అతని పని దారులు చూడటం, మకాంలు గుర్తించడం, వాటిని గీయడం.

ఆ పని ఎలా ఉండేదో కాస్త దగ్గరగా చూడండి. సైన్యం ఒక చోటి నుంచి మరొక చోటికి కదిలేముందు ఎవరో ఒకరు ఆ దారిన ముందుగా వెళ్ళి రావాలి. వేల మందికి, వందల పశువులకు సరిపడే నీరు ఎక్కడుందో, వంట చెరకు ఎక్కడ దొరుకుతుందో, గుర్రాలకు గడ్డి ఎక్కడుందో, ఫిరంగి బండి బరువుకు ఏ వంతెన ఆగుతుందో, ఏ వంతెన ఆగదో చూసి రాసుకోవాలి. బెర్తియే రాసిన దారి వివరాలు ఇవాళ ఫోనులో దారి చెప్పే గొంతును తలపిస్తాయి: ఫలానా ఇంటి దగ్గర ఎడమ చేతి దారి వదిలి కుడి వైపు తిరగాలి, వాగు దాటాక కొండ ఎక్కాలి, అక్కడి నుంచి ఇంత దూరంలో చర్చి కనిపిస్తుంది. దీనికి తోడు ఒక్కొక్క మకాంకు ఒక్కొక్క చిత్రపటం ఉంది. అందులో రోడ్డు, వాగు, ఇళ్ళు, వాటి మధ్య ఏ దళం డేరాలు ఏ వరుసలో వేశారో చిన్న చిన్న దీర్ఘచతురస్రాలుగా గీసి ఉంటాయి. ఈ పటాలు, వివరాలు ఇప్పుడు ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో ఉన్నాయి; రోషాంబో దగ్గర ఉండిన పటాల సంపుటి అమెరికా కాంగ్రెసు గ్రంథాలయానికి చేరింది. తమాషా ఏమిటంటే, తను ఒకప్పుడు పటం గీసిన ఊళ్ళోనే బెర్తియే పటాలు ఇవాళ భద్రంగా ఉన్నాయి.

రెండో ఆధారం డబ్బు. ఫ్రెంచివారు ఏది తీసుకున్నా వెండి నాణేలలో చెల్లించారు. అప్పటి అమెరికన్ కాగితం డబ్బుకు చిత్తు కాగితం పాటి విలువ కూడా లేని రోజులలో ఇది రైతులకు పండుగే. ఎద్దులు, పిండి, ఎండుగడ్డి, కట్టెలు, బండి బాడుగ, ఇలా ప్రతిదానికీ లెక్క రాశారు. హార్ట్‌ఫర్డ్‌కు చెందిన జెర్మయా వాడ్స్‌వర్త్ అనే వ్యాపారి వారికి సరుకులు సమకూర్చే గుత్తేదారు. చెల్లింపు ఉన్న చోట చీటీ ఉంటుంది, చీటీ ఉన్న చోట ఊరి పేరు, తేదీ ఉంటాయి.

ఇప్పుడు ఇదే దారిన ఇదే వారాలలో నడిచిన వాషింగ్టన్ సైన్యాన్ని చూడండి. వారికి బెర్తియే లేడు. వెండి అంతకన్నా లేదు. ఫిలడెల్ఫియా చేరేసరికి జీతం ఇవ్వనిదే కదలమని సైనికులు గొణుగుతుంటే, ఆర్థిక వ్యవహారాలు చూసే రాబర్ట్ మోరిస్ రోషాంబో ఖజానా నుంచి 20,000 డాలర్ల వెండి అప్పు తెచ్చి హెడ్ ఆఫ్ ఎల్క్ దగ్గర ఒక నెల జీతం చేతిలో పెట్టించాడు. వారు న్యూజెర్సీలో ఒకటికి మించిన దారులలో విడివిడిగా నడిచారు, ఆ దారుల పటాలు అంత వివరంగా లేవు. అందుచేత సొంత గడ్డ మీద నడిచిన సైన్యం కన్నా పరాయి దేశం నుంచి వచ్చిన సైన్యం దారే ఈ పలకలలో స్పష్టంగా కనిపిస్తుంది. పలకలను చూస్తూ పోయేవారు ఫ్రెంచివారే ఎక్కువ చోట్ల ఆగారని అనుకుంటే ఆశ్చర్యం లేదు. వారు ఎక్కువగా రాసుకున్నారు, అంతే తేడా.

ప్రశ్న: మా ఇల్లు సిల్వర్ లేన్ అనే వీధికి దగ్గర. ఫ్రెంచి సైన్యం వెండి పీపాలు ఇక్కడే విప్పి జీతాలు పంచిందని, అందుకే ఆ పేరని చెబుతారు. నిజమేనా? అలాగే, బోర్డు ఎక్కడ ఉంటే సైన్యం సరిగ్గా అక్కడే ఉన్నట్టా?
— ఒక పాఠకురాలు, ఈస్ట్ హార్ట్‌ఫర్డ్, కనెక్టికట్

జవాబు: ఫ్రెంచివారు ఈస్ట్ హార్ట్‌ఫర్డ్‌లో విడిది చేశారన్నది రూఢి. వెండితో చెల్లించారన్నదీ రూఢి. ఆ రెండిటినీ కలిపి వీధి పేరుకు ముడిపెట్టడం మాత్రం ఊరి వాడుక. ఊరి వాడుక అన్నంత మాత్రాన కొట్టిపారేయనక్కర లేదు. నాణెం ముఖం చూడక ఎన్నేళ్ళో అయిన ఊరికి వెండి పీపాలు వస్తే ఆ సంగతి మనుమల దాకా చెప్పుకుంటారు. పలక మీద కూడా ఇటువంటి విషయానికి చెబుతారు, అంటారు వంటి మాట ఉందో లేదో చూసుకోండి. ఆ మాట ఉన్న పలకను నేను ఎక్కువ నమ్ముతాను.

రెండో ప్రశ్నకు జవాబు, చాలాసార్లు కాదు. పలకకు రోడ్డు పక్కన జాగా కావాలి, కారు ఆపుకోవడానికి వీలుండాలి, ఆ స్థలం ప్రభుత్వానిదై ఉండాలి. సైన్యం పడుకున్న పొలం అర మైలు అవతల ఎవరి పెరట్లోనో ఉండవచ్చు. పైగా కనెక్టికట్‌లో ఫ్రెంచి కాల్బలం నాలుగు రెజిమెంట్లుగా, ఒక్కొక్కటి ఒక్కొక్క రోజు ఎడంతో నడిచింది. బూర్బొనే దళం లేచి వెళ్ళిన చోట ఆ సాయంత్రానికి దాని వెనక వచ్చే దళం దిగుతుంది. లోజన్ దళం అనే గుర్రపు దండు వీటికి దక్షిణాన వేరే దారిన పోయింది. ఒక్క పలక, ఒక్క తేదీ ఈ సంగతులన్నీ చెప్పలేవు. పొలాలలో లోహశోధక యంత్రాలతో వెతికినప్పుడు తుపాకీ గుండ్లు, చొక్కా బొత్తాలు దొరికి, కొన్ని మకాంల చోటు మరింత స్పష్టమయింది. మీ రాష్ట్రంలోనే కొన్ని మకాంలతో పాటు పాత దారి ముక్కలు కొన్ని కూడా జాతీయ చారిత్రక స్థలాల పట్టికకు ఎక్కాయి. వీలైతే అటువంటి ముక్క మీద ఒకసారి నడవండి. పక్కన రాతి గోడలతో, వెడల్పు పెరగని పాత బాట పలక కన్నా ఎక్కువ చెబుతుంది.

ప్రశ్న: పదవీ విరమణ చేసిన చరిత్ర ఉపాధ్యాయుణ్ణి. ఇటువంటి పలకలు తప్పని తేలిన సందర్భాలు ఉన్నాయా? తేలితే ఏం చేస్తారు?
— ఒక పాఠకుడు, విశాఖపట్నం

జవాబు: ఉన్నాయి. ఇదే యుద్ధం మొదటి చలికాలంలో హెన్రీ నాక్స్ అనే పాతికేళ్ళ యువకుడు, అంతకు ముందు బోస్టన్‌లో పుస్తకాల దుకాణం నడిపినవాడు, టికాండరోగా కోటలో దొరికిన దాదాపు 60 టన్నుల ఫిరంగులను మంచు మీద లాగించుకుంటూ 1776 జనవరిలో బోస్టన్ ముట్టడికి చేర్చాడు. మార్చిలో ఆ ఫిరంగులు కొండ మీద కనిపించేసరికి ఇంగ్లీషువారు నగరం వదిలి వెళ్ళిపోయారు. దానికి 150 ఏళ్ళు నిండిన సందర్భంగా న్యూయార్క్, మసాచుసెట్స్ రాష్ట్రాలు 1926-27లో ఆ దారి పొడవునా రాళ్ళు పాతి కంచు పలకలు బిగించాయి. అమెరికాలో ఒక సైన్యం దారిని ఇలా వరుసగా గుర్తించిన తొలి ప్రయత్నాలలో ఇది ఒకటి. అర్ధ శతాబ్దం తరువాత, రెండు రాష్ట్రాల సరిహద్దు దగ్గర నాక్స్ వెళ్ళిన దారి వేరని కొత్త ఆధారాలు దొరకడంతో 1975లో ఆ భాగాన్ని ఆల్‌ఫర్డ్ అనే ఊరి మీదుగా మార్చి దిద్దారు.

ఉపాధ్యాయులు కనుక మీకు నచ్చే చిట్కా ఒకటి: పలకను కింది నుంచి చదవండి. అట్టడుగున చిన్న అక్షరాలలో దాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో వేయించారో ఉంటుంది. 1930లో ఒక మహిళా సంఘం వేయించినదానికీ, 2010లో రాష్ట్ర చరిత్ర శాఖ వేయించినదానికీ మధ్య ఎన్ని కాగితాలు బయటపడ్డాయో దానిని బట్టి ఊహించవచ్చు. వర్జీనియా 1927లోనే మొదలుపెట్టిన వెండి రంగు పలకలకు పైన ఒక అక్షరం, ఒక అంకె కూడా ఉంటాయి. మొదట్లో ఆ అక్షరం పలక ఏ రహదారి మీద ఉందో చెప్పేది. కారులో పోయేవారి కోసమే పుట్టిన పద్ధతి ఇది, కనుకనే వాక్యాలు అంత పొట్టి.

ప్రశ్న: కొన్ని బోర్డుల మీద 1781, కొన్నిటి మీద 1782 అని ఉంది. ఏది సరి?
— ఒక విద్యార్థిని, బాల్టిమోర్

జవాబు: రెండూ సరే. గెలిచిన ఫ్రెంచివారు చలికాలం వర్జీనియాలో గడిపి 1782 వేసవిలో మళ్ళీ ఉత్తరానికి నడిచి, డిసెంబరులో బోస్టన్‌లో ఓడలెక్కారు. తిరుగు ప్రయాణంలో తొందర లేదు కాబట్టి కొన్ని మకాంలు మారాయి.

ప్రశ్న: ఫ్రాన్సులో రెండో ప్రపంచ యుద్ధానికి సంబంధించి కిలోమీటరుకొక రాయి ఉందని విన్నాను. ఇదీ అదీ ఒకటేనా?
— ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: పని ఒకటే, పద్ధతి వేరు. 1944లో నార్మండీ తీరంలో దిగిన అమెరికన్ సైన్యం తూర్పుకు సాగిన దారిని ఫ్రాన్సువారు స్వేచ్ఛా మార్గం అని పిలిచి 1947లో ప్రారంభించారు. సెంట్ మేర్ ఎగ్లీజ్ ఊళ్ళో సున్నా రాయితో మొదలై బెల్జియంలోని బాస్టోన్ దాకా, వెయ్యి కిలోమీటర్లకు పైగా, కిలోమీటరుకు ఒక రాయి. ప్రతి రాయి మీదా ఒక కాగడా, పైన చుట్టూ 48 నక్షత్రాలు, ఆనాటికి అమెరికాలో ఉన్న 48 రాష్ట్రాలకు. అమెరికా పలక ఆగి చదవమంటుంది. ఫ్రాన్సు రాయి చదవడానికి ఏమీ ఇవ్వదు, లెక్కపెట్టుకుంటూ పొమ్మంటుంది. నాకు వ్యక్తిగతంగా ఈ రెండో పద్ధతే ఇష్టం, దూరం ఎంతో ఒంటికి తెలుస్తుంది కనుక.

ప్రశ్న: ఈ బోర్డుల నిండా సేనానుల పేర్లే. మామూలు మనుషులు, ముఖ్యంగా నల్లజాతివారు, ఈ దారిలో లేరా?
— ఒక పాఠకురాలు, ఆల్ఫరెటా, జార్జియా

జవాబు: ఉన్నారు, పక్కా ఆధారాలతోనే ఉన్నారు. 1781 వేసవిలో వాషింగ్టన్ శిబిరాన్ని చూసిన క్లోసెన్ అనే ఫ్రెంచి పక్షపు అధికారి, రోడ్ ఐలండ్ రెజిమెంటులో నాలుగింట మూడు వంతులు నల్లవారేననీ, దుస్తులలో, ఆయుధాల తీరులో, కవాతులో అందరికన్నా మెరుగైన దళం అదేననీ తన దినచర్యలో రాసుకున్నాడు. అదే సైన్యంలోని వెర్జే అనే యువ అధికారి వేసిన నీటి రంగుల బొమ్మలో ఆ రెజిమెంటు నల్ల సైనికుడు తెల్ల దుస్తులలో మిగిలినవారి పక్కన నిలబడి ఉంటాడు. యార్క్‌టౌన్ లోపల ఉన్నవారి కథ ఇంతకన్నా బాధాకరం. స్వేచ్ఛ దొరుకుతుందని యజమానులను వదిలి ఇంగ్లీషువారి పంచన చేరిన వందలాది నల్లవారిని, తిండి తరిగి మశూచి ముదిరిన తరువాత, కారన్‌వాలిస్ సైన్యం కోట బయటికి తోలేసింది. నాలుగైదు వాక్యాలు పట్టే లోహపు పలక మీద సేనాని పేరు, తేదీ, మైళ్ళు ముందు కూర్చుంటాయి. ఇటువంటి సంగతికి చోటు మిగలదు.

మీరు జార్జియాలో ఉన్నారు కనుక మీ దగ్గరి ఉదాహరణే చెబుతాను. అంతర్యుద్ధంలో 1864 నవంబరు 15 నుంచి డిసెంబరు 21 వరకు ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం అట్లాంటా నుంచి సవానా దాకా నడిచిన దారిలో, జార్జియా చారిత్రక కమిషన్ 1950లలో వందల కొద్దీ పలకలు వేసింది. ఏ దళం ఏ రోజున ఏ కూడలిలో తిరిగిందో అవి పూసగుచ్చినట్టు చెబుతాయి. డిసెంబరు 9న ఎబనీజర్ అనే వాగు దగ్గర ఆ సైన్యంలో ఒక భాగం దాటగానే పడవల వంతెనను లాగేయించి, వెంట వస్తున్న నల్ల కుటుంబాలను తరుముకొస్తున్న శత్రు గుర్రపు దళానికి వదిలేసింది. ఎందరో నీళ్ళలో దూకి చనిపోయారు. ఆ సంగతిని చెప్పే పలకను జార్జియా చారిత్రక సంస్థ 2010లో నిలబెట్టింది. సవానా వెళ్ళే దారిలో కాస్త పక్కకు తిరిగితే చూడవచ్చు.

ప్రశ్న: యార్క్‌టౌన్‌లో ఓడిపోయిన కారన్‌వాలిస్, మన పాఠ్యపుస్తకాలలో శాశ్వత శిస్తు పద్ధతి పెట్టిన కారన్‌వాలిస్ ఒకరేనా? ఓడిన మనిషికి అంత పెద్ద పదవి ఎలా ఇచ్చారు?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: ఒకరే, పైగా మీ ఊరికి అతనితో దగ్గరి సంబంధమే ఉంది. యార్క్‌టౌన్‌లో ఏడు వేలకు పైగా సైనికులు ఆయుధాలు కింద పెట్టిన రోజున అతడు ఒంట్లో బాగాలేదని చెప్పి గుడారం దాటి బయటికి రాలేదు. బదులుగా వచ్చిన ఒహారా అనే అధికారి కత్తిని మొదట రోషాంబోకు ఇవ్వబోతే అతడు వాషింగ్టన్ వైపు చూపించాడు. వాషింగ్టన్ తన కింది అధికారి లింకన్ వైపు చూపించాడు. ఇంత జరిగినా లండన్‌లో ఆ ఓటమి తప్పును క్లింటన్ మీద, నౌకాదళం మీద వేసినవారే ఎక్కువ, రాజుకు కారన్‌వాలిస్ మీద గౌరవం తగ్గలేదు. 1786లో అతడు గవర్నర్ జనరల్‌గా, సర్వసేనానిగా కలకత్తాలో దిగాడు.

దిగిన రెండేళ్ళకు గుంటూరు సంగతి ఎత్తాడు. ఉత్తర సర్కార్లలో మిగిలినవి అప్పటికే కంపెనీ చేతికి వచ్చాయి. 1768 నాటి ఒప్పందం ప్రకారం గుంటూరు సర్కారు మాత్రం నిజాం అలీఖాన్ సోదరుడు బసాలత్ జంగ్ బతికినంత కాలం అతని కింద ఉండాలి. అతడు 1782లో చనిపోయినా నిజాం దాన్ని వదలలేదు. కారన్‌వాలిస్ 1788లో కెన్నవే అనే అధికారిని హైదరాబాదుకు పంపి, వెనక సైన్యాన్ని సిద్ధంగా ఉంచి, గుంటూరును కంపెనీకి అప్పగింపజేసుకున్నాడు. యార్క్‌టౌన్‌కు, గుంటూరుకు మధ్య ఏడేళ్ళే తేడా. 1793లో బెంగాలులో పెట్టిన శాశ్వత శిస్తు పద్ధతి అతడు వెళ్ళిపోయాక, 1802 నుంచి, ఉత్తర సర్కార్లకూ వచ్చింది.

ఫ్రెంచివారి వైపు కూడా ఒక ముడి ఉంది. రోషాంబోను అమెరికాకు పంపిన యుద్ధంలోనే, అదే రాజు, ముసలివాడైన బుస్సీని మళ్ళీ మన వైపుకు పంపాడు. 1757 బొబ్బిలి యుద్ధం నాటి బుస్సీయే ఇతడు. 1783లో కడలూరు దగ్గర ఇంగ్లీషువారితో తలపడుతుండగా ఐరోపాలో సంధి కుదిరిందన్న వార్త వచ్చి పోరు ఆగిపోయింది.

ప్రశ్న: మా ప్రాంతం మీదుగా కూడా కారన్‌వాలిస్ సైన్యం నడిచిందని మా తాతగారు చెప్పేవారు. ఆధారం ఉందా? ఆ దారిని ఇలా గుర్తించడానికి వీలవుతుందా?
— ఒక పాఠకుడు, పలమనేరు, చిత్తూరు జిల్లా

జవాబు: మీ తాతగారు చెప్పినది నిజం. 1791 ఫిబ్రవరిలో టిప్పు సుల్తాన్ మీదికి బయలుదేరిన కారన్‌వాలిస్ వేలూరు నుంచి బెంగళూరు పీఠభూమి ఎక్కాలి. అందరూ ఊహించే దారి ఆంబూరు వైపు కనుమ. అతడు అటు పోతున్నట్టు కొంత బలగాన్ని చూపించి, అసలు సైన్యాన్ని చిత్తూరు వైపు తిప్పి మొగిలి కనుమ మీదుగా పైకి ఎక్కించాడు. టిప్పుకు తెలిసేసరికి ఫిరంగులతో సహా సైన్యం పైన ఉంది. మార్చి 21 రాత్రి బెంగళూరు కోట పడిపోయింది. పదేళ్ళ కిందట న్యూజెర్సీలో వాషింగ్టన్, రోషాంబోలు క్లింటన్ మీద ప్రయోగించినది దాదాపు ఈ ఎత్తే. ఆ ఎత్తు వల్ల నష్టపోయినవాడు దాన్ని నేర్చుకుని మీ కొండల దగ్గర వాడుకున్నాడని అనాలనిపిస్తుంది గానీ, సేనానులందరికీ తెలిసిన పాత ఎత్తే అది, అంత దూరం లాగనవసరం లేదు.

గుర్తించడానికి వీలు ఉంది, ఎందుకంటే ఆ దండయాత్ర గురించి కూడా రాసుకున్నవారు ఉన్నారు; ఇంగ్లీషు అధికారుల దినచర్యలు, మద్రాసు సర్కారు కాగితాలు, దారి పటాలు మిగిలాయి. బెర్తియే పటాల విషయంలో చేసినట్టే, రాతలో ఉన్న మైళ్ళను, వాగులను ఇవాళ్టి నేల మీద పెట్టి చూడాలి. బంగారుపాళెం దాటి మొగిలీశ్వరుని గుడి వైపు వెళ్ళే పాత బాట ముక్కలు, ఎడ్లకు నీళ్ళు పట్టిన చెరువులు, దండు దిగిన చోటని పెద్దలు చూపించే మైదానాలు ఏవైనా మీ ఊళ్ళలో మిగిలి ఉంటే, ఎవరు చెప్పారో, ఎక్కడ ఉందో రాసి, వీలైతే ఫొటోతో పంపండి. ఆధారం దొరికినవాటిని, ఊరి వాడుకగా మాత్రమే ఉన్నవాటిని వేరువేరుగా చూపుతూ వచ్చే సంచికలలో ప్రచురిస్తాము.